చెరపవద్దు అని రాసిన మూల



ఈ కాలేజీలో మాకు పాఠం చెప్పిన మాస్టారు అనగానే నాకు ముందు ఆయన నల్లబల్ల గుర్తొస్తుంది. బల్లకు కుడివైపు పైమూలన రెండు జానల మేర సుద్దముక్కతో గీత గీసి, లోపల నెలకు సరిపడా సూత్రాలు రాసి, కింద 'చెరపవద్దు' అని పెట్టేవారు. తక్కిన బల్లను రోజుకు నాలుగుసార్లు తుడిచేవాళ్లం. ఆ మూల మాత్రం నెలాఖరుదాకా అలాగే ఉండేది. క్లాసులో అరవైమందిమి. ఆ సూత్రాలను అరవైమందీ కాగితం మీదికి ఎక్కించుకోనక్కర్లేదు, తలెత్తితే చాలు. లెక్క మాత్రం ఎవరి కాగితం మీద వాళ్లు చెయ్యాలి.

ఈ సభ నిర్వాహకులు కృత్రిమ మేధ మీద మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది ఉన్నారు, ఒకరు తగ్గితే నష్టం లేదు. నేను ముప్పై ఏళ్లు జీతం తీసుకున్న పని గురించే చెబుతాను. ఒకసారి మెమరీలోకి ఎక్కిన కోడ్‌ని నాలుగైదు వర్చువల్ మెషీన్లు కలిసి వాడుకోవడం ఎలా అన్నది ఆ పని. వినడానికి చిన్న సంగతి. మాస్టారి సుద్దగీత ఎక్కడ గియ్యాలన్నదే అందులో ఉన్న పేచీ అంతా.

ముందు మాట తేల్చుకుందాం. వర్చువల్ మెషీన్ అంటే రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒక కంప్యూటర్లో పది కంప్యూటర్లున్నట్టు భ్రమ కల్పించేది ఒకటి, వీఎంవేర్ లాంటివాళ్లు అమ్మేది. జావా లాంటి భాషలో రాసిన ప్రోగ్రాంని నడిపించే యంత్రం రెండోది. నా బతుకు ఎక్కువగా రెండోదానితో గడిచింది. కానీ ఈ కథలో రెండూ వస్తాయి.

హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక సంస్థలో ఒకే పెద్ద యంత్రం మీద తొమ్మిది జావా సర్వర్లు నడిపేవాళ్లం. ఏ విభాగం సర్వర్ దానిదే. ఎనిమిదింటిదాకా బాగానే ఉండేది, తొమ్మిదోది లేపగానే మెమరీ చాలక యంత్రం డిస్కుతో కుస్తీ పట్టేది. అప్పుడే కొత్తగా చేరిన ఒక అమ్మాయి అడిగింది: "సార్, తొమ్మిదింట్లో ఉన్నది ఒకే ప్రోగ్రాం కదా, మెమరీ తొమ్మిది రెట్లు ఎందుకు?" సీనియర్లం మొహమొహాలు చూసుకున్నాం. తెలియక కాదు. ఆ ఖర్చుకు అలవాటుపడిపోయి అడగడం మానేశాం.

నిజానికి ఆ ప్రశ్నకు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎప్పుడో జవాబు చెప్పింది. దాని సృష్టికర్తలు రిచీ, థాంప్సన్ 1974లో దాని మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనే ఆ జవాబు ఉంది. ఒకే ప్రోగ్రాంని ఎంతమంది నడుపుతున్నా, దాని ఆదేశాల భాగం మెమరీలో ఒక్కటే ఉంటుంది, దాని మీద ఎవరూ రాయడానికి వీల్లేదు. డేటా మాత్రం ఎవరిది వాళ్లకు. నల్లబల్ల ఒకటే, కాగితాలు ఎవరివి వాళ్లవి. ముప్పై ఏళ్ల తర్వాత మా తొమ్మిది జావా సర్వర్లకు ఆ సదుపాయం ఎందుకు పోయింది?

ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టం కంటికి జావా ప్రోగ్రాం ప్రోగ్రాం కాదు, ఉత్త డేటా. జావా కోడ్ ఉండే క్లాస్ ఫైల్ అంటే బైట్ల వరస. దాని మొదటి నాలుగు బైట్లను పదహారు అంకెల లెక్కలో రాస్తే 'కేఫ్‌బేబ్' అని చదువుకోవచ్చు, రాసినవాళ్ల సరదా అది. జావా యంత్రం ఆ ఫైల్ తెరిచి, విడగొట్టి, బైట్‌కోడ్ సవ్యంగా ఉందో లేదో తనిఖీ చేసి, పేర్లను చిరునామాలుగా మార్చి, తన సొంత మెమరీలో ఆ క్లాస్‌కు ఒక రూపం కడుతుంది. ఉత్త 'హలో' అని అచ్చువేసే ప్రోగ్రాం లేవడానికే కొన్ని వందల క్లాసులు ఇలా కట్టుకోవాలి. ఈ కట్టడమంతా సొంత మెమరీలో జరుగుతుంది కాబట్టి పక్క ప్రాసెస్‌కు, అంటే పక్కన నడుస్తున్న సర్వర్‌కు, అందదు. పక్కది మళ్లీ అదే ఫైల్ తెరిచి అదే తనిఖీ చేసి అదే కడుతుంది. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది రోళ్లు పెట్టి ఒకే పిండి రుబ్బుకున్నట్టు.

2004లో వచ్చిన జావా 5 దీనికి ఒక దారి చూపింది, క్లాస్ డేటా షేరింగ్. ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ ఎక్స్ జావాలో అంతకుముందే ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. పిండి ఒకసారి రుబ్బి పెట్టేసుకోవడమే సంగతి. ముఖ్యమైన క్లాసులను ఒకసారి లోడ్ చేసి, మెమరీలో కట్టిన రూపాన్ని ఉన్నదున్నట్టు ఒక ఆర్కైవ్ ఫైల్లోకి దించేస్తారు. తర్వాత లేచే ప్రతి జావా యంత్రమూ ఆ ఫైల్‌ని తన చిరునామాల్లోకి తగిలించుకుంటుంది. ఫైల్ ఒక్కటే కాబట్టి, దాని పేజీలు, అంటే మెమరీ ముక్కలు, భౌతికంగా ఒక్కసారే మెమరీలో ఉంటాయి. యూనిక్స్ సదుపాయం దొడ్డిదారిన తిరిగొచ్చిందన్నమాట.

ఆర్కైవ్‌ని రెండు భాగాలు చేశారు. చదవడానికి మాత్రమే పనికొచ్చేది ఒకటి, రాయడానికీ వీలున్నది ఇంకొకటి. ఇక్కడే సుద్దగీత కనిపిస్తుంది. ఒక క్లాస్‌లో ఏది మారదు, ఏది మారుతుంది? మెథడ్ తాలూకు బైట్‌కోడ్ మారదు. పేర్లూ స్థిరాంకాలూ మారవు. స్టాటిక్ చరరాశుల విలువలు మారతాయి. ఈ క్లాస్ ఇప్పటికి సిద్ధమైందా లేదా అన్న గుర్తు మారుతుంది. ఒక మెథడ్‌ని ఎన్నిసార్లు పిలిచారన్న లెక్క ప్రతి పిలుపుకూ మారుతుంది. ఐబీఎం వాళ్ల జే9 అనే జావా యంత్రంలో ఈ విభజన పేర్లలోనే ఉంది. మారని సగం రోమ్‌క్లాస్. మారే సగం రామ్‌క్లాస్. ఆ యంత్రం మొదట చిన్న పరికరాల కోసం పుట్టింది, అక్కడ రోమ్ అంటే నిజంగానే రోమ్ చిప్పు. చిన్న పరికరంలో మెమరీ లేక గీసిన గీత, పెద్ద సర్వర్లకు ఎక్కాక వరమైంది. రోమ్‌క్లాసులన్నీ అన్ని ప్రాసెస్‌లూ పంచుకునే ఒక గాదెలో పెట్టేశారు. ముందుగా నింపి మూసెయ్యనక్కర్లేదు, నడుస్తున్న యంత్రాలే అందులో కొత్తవి వేస్తూ పోవచ్చు. తర్వాత యంత్రభాషలోకి మార్చిన కోడ్‌ని కూడా అందులోనే దాచడం మొదలుపెట్టారు. నన్నడిగితే ఈ విషయంలో జే9 తీరే నాకు ఎక్కువ నచ్చింది. వాళ్లు గీతను డిజైన్ మొదటిరోజునే గీశారు, జావా 5 వాళ్లు ఇల్లు కట్టాక గోడ పగలగొట్టి గీశారు.

ఇంకాస్త ముందుకెళ్లి, అసలు ఇన్ని జావా యంత్రాలెందుకు, ఒక్కటే చాలదా అన్నవాళ్లూ ఉన్నారు. సన్ మైక్రోసిస్టమ్స్ పరిశోధనశాలలో గ్జెగోష్ చైకోవ్‌స్కీ, లోరాన్ డెనెస్ 2001లో మల్టీటాస్కింగ్ వర్చువల్ మెషీన్ గురించి పత్రం ప్రచురించారు. ఒకే జావా యంత్రంలో పది ప్రోగ్రాములు. లోడైన కోడ్, దాన్నుంచి తయారైన యంత్రభాష అన్నీ ఉమ్మడి. స్టాటిక్ చరరాశులు మాత్రం ప్రతి ప్రోగ్రాంకీ విడివిడిగా ఇచ్చారు, లేకపోతే ఒకడి లెక్క ఇంకొకడి పద్దులో పడుతుంది. అయినా ఒక చిక్కు మిగిలింది. జావా ప్రోగ్రాములు అప్పుడప్పుడు సీ భాషలో రాసిన కోడ్‌ని పిలుస్తాయి. ఆ సీ కోడ్ కూలితే, కింద నేల మొత్తం కూలుతుంది, పదిమందీ పోతారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. అందుకని సీ కోడ్‌ని వేరే ప్రాసెస్‌లోకి తోసేశారు. ఒకే యంత్రంలో ప్రోగ్రాముల్ని విడివిడిగా నడపడం కోసం జావాలో ఒక ప్రామాణిక ప్రతిపాదన కూడా తెచ్చారు, జేఎస్ఆర్ 121 అని. మనం రోజూ వాడే జావాలోకి అది రానేలేదు. మెమరీ చవకైపోయి ఎవరికీ తొందర లేకపోయిందనుకుంటాను.

తొందర ఉన్నచోటు ఇంకొకటి ఉంది, అది మీ జేబుల్లోనే ఉంది.

2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, టీ-మొబైల్ జీ1లో ఉన్న మెమరీ 192 మెగాబైట్లు. ప్రతి యాప్‌కూ ఒక ప్రాసెస్, ప్రతి ప్రాసెస్‌లో ఒక డాల్విక్ వర్చువల్ మెషీన్. మామూలు లెక్కన అయితే తడిసి మోపెడవుతుంది. ఆండ్రాయిడ్ రాసినవాళ్లు చేసిన పని చూడండి. ఫోన్ ఆన్ కాగానే జైగోట్ అనే ప్రాసెస్ ఒకటి లేస్తుంది. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లు దాన్ని సంయుక్తబీజం అని చదువుకున్నారు. యాప్‌లన్నిటికీ కావలసిన వేల క్లాసుల్ని అది ముందే లోడ్ చేసి, తయారుగా కూర్చుంటుంది. మీరు ఏదన్నా యాప్ నొక్కినప్పుడు జైగోట్ రెండుగా చీలుతుంది. చీలిన పిల్ల ప్రాసెస్ మీ యాప్ అవుతుంది. చీలడానికి మెమరీ కాపీ చెయ్యరు. తల్లీ పిల్లా అవే పేజీలు చూస్తుంటారు. ఎవరు ఏ పేజీ మీద రాయబోతే ఆ ఒక్క పేజీకి మాత్రం అప్పటికప్పుడు కాపీ తీసి చేతిలో పెడతారు. కాపీ-ఆన్-రైట్ అని దీని పేరు. మాస్టారి భాషలో చెప్పాలంటే, సూత్రంలో నీ అంకెలు వేసుకోవాలనుకుంటే ఆ ఒక్క సూత్రం దించుకో, బల్ల జోలికి పోకు.

ఇందులో అసలు అందం గ్యాడ్జెట్ సంచికల్లో కనపడదు, చెత్త ఏరడంలో ఉంది. జావా లాంటి భాషల్లో వాడకం అయిపోయిన వస్తువుల్ని ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ ఉంటుంది. అది మెమరీ అంతా తిరిగి, 'ఇది బతికుంది' అని వాడకంలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తును వస్తువు నుదుటిమీదే పెడితే ఏమవుతుంది? రాసినట్టు లెక్క. రాస్తే పేజీ కాపీ అవుతుంది. ఒక్కసారి చెత్త ఏరేసరికి పంచుకున్నదంతా విడిపోతుంది, ఏ యాప్ కాపీ దానికి. వస్తువు మారలేదు, వచ్చిపోయిన తనిఖీదారు టిక్కు పెట్టాడంతే, అయినా ఉమ్మడి ఆస్తి ముక్కలైంది. డాల్విక్ రాసినవాళ్లు ఈ సంగతి ముందే పసిగట్టి, గుర్తుల్ని వస్తువులకు దూరంగా వేరే పట్టీలో పెట్టారు. రూబీ భాష 2013లో 2.0 వెర్షన్‌లో ఆ దారికే వచ్చింది.

పైథాన్‌ది ఇంకా విడ్డూరం. అందులో ప్రతి వస్తువుకూ తనను ఎంతమంది పట్టుకున్నారన్న లెక్క తన దగ్గరే ఉంటుంది. అంటే చదవడానికి పట్టుకున్నా లెక్క మారుతుంది, అంటే రాసినట్టే. చూపు తగిలితే మైలపడే వస్తువు! ఇన్‌స్టాగ్రామ్ ఇంజనీర్లు తమ పైథాన్ సర్వర్లలో తల్లి ప్రాసెస్ నుంచి పంచుకున్న మెమరీ పిల్లలు లేచిన కాసేపటికే కరిగిపోవడం గమనించి తవ్వితే, వాళ్ల విషయంలో అసలు దోషి ఈ లెక్కలు కాదని, చెత్త ఏరేవాడు వస్తువుల వరసను అటూ ఇటూ సర్దడమని తేలింది. ఏం చేశారు? చెత్త ఏరడమే ఆపేశారు. సామర్థ్యం పదిశాతం పెరిగిందని 2017లో రాశారు. ఆ పోరులోంచే పైథాన్ 3.7లో 'ఫ్రీజ్' అనే సౌకర్యం వచ్చింది. ఇప్పటిదాకా ఉన్న వస్తువులన్నిటినీ చెత్త ఏరేవాడి కంట పడకుండా పక్కన పెట్టమని చెప్పడం అది. 2023లో 3.12 వెర్షన్ కొన్ని వస్తువులకు ఏకంగా అమరత్వం ఇచ్చింది, వాటి లెక్క ఇక మారదు. సుద్దగీత లోపలికి తనిఖీదారు చెయ్యి కూడా వెళ్లకూడదని ఒప్పుకోడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు మొదటి అర్థంలోని వర్చువల్ మెషీన్లకు వద్దాం. పది భ్రమ కంప్యూటర్లలో పది విండోసులు నడుస్తుంటే, ఒకే రకం పేజీలు చాలా ఉంటాయి. వీటిని లోపలున్న ఆపరేటింగ్ సిస్టంకు చెప్పకుండా, బయటినుంచే పోల్చి కలపొచ్చని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో వీఎంవేర్ తరఫున రాసిన పత్రంలో వివరించారు. ప్రతి పేజీ సారానికి ఒక చిన్న సంకేతం కట్టి, రెండు సంకేతాలు కలిస్తే అక్షరం అక్షరం పోల్చి, ఒకటే అయితే ఒకదాన్ని ఉంచి రెండోది వదిలించుకోవడం. పది విండోస్ ఎన్‌టీ యంత్రాలున్న ఒకచోట మూడో వంతు మెమరీ దాకా తిరిగొచ్చింది. లినక్స్ యంత్రాలున్న ఇంకోచోట ఏడు శాతమే. పంచుకోవడం ఎంత లాభమో అక్కడున్నవాళ్లు ఎంత ఒక్కలాంటివాళ్లన్న దాన్ని బట్టి ఉంటుంది.

పన్నెండేళ్లు చాలామంది దీన్ని హాయిగా వాడారు. 2014లో అడిలైడ్ విశ్వవిద్యాలయం నుంచి యువల్ యారోమ్, కత్రినా ఫాక్‌నర్ ఒక పత్రం తెచ్చారు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఊళ్లో ఉమ్మడి బావిని ఊహించుకోండి. రెండిళ్లకు ఒకే బావి, ఒకే చేద. పక్కింటివాళ్లు ఎప్పుడు నీళ్లు తోడుకున్నారో తెలుసుకోవాలంటే వాళ్లింట్లోకి తొంగిచూడక్కర్లేదు. తాడు ఆరబెట్టి వచ్చి, కాసేపాగి వెళ్లి ముట్టుకో. తడిగా ఉంటే తోడారు. యారోమ్, ఫాక్‌నర్ చేసింది సరిగ్గా ఇదే. రెండు ప్రాసెస్‌లు ఒకే కోడ్ పేజీని పంచుకుంటున్నప్పుడు, దొంగ దాన్ని ప్రాసెసర్ క్యాష్ నుంచి తుడిచేస్తాడు, కాసేపాగి మళ్లీ చదువుతాడు. తొందరగా వచ్చిందంటే ఆ మధ్యలో అవతలివాడు దాన్ని వాడాడన్నమాట. రహస్య తాళంతో డిజిటల్ సంతకం లెక్కగట్టే కోడ్‌లో ఏ అడుగు ఎప్పుడు పడిందో తెలిస్తే తాళం బిట్లు తెలుస్తాయి. ఒక్క సంతకాన్ని గమనించి సగటున 96.7 శాతం బిట్లు రాబట్టగలిగారు. వేర్వేరు వర్చువల్ మెషీన్ల మధ్య కూడా పారింది. ఆ ఏడాదే వీఎంవేర్ యంత్రాల మధ్య పేజీలు కలపడాన్ని డిఫాల్టుగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

గమనించండి, దొంగ ఏమీ రాయలేదు. చెరపవద్దు అన్న నియమం తూచా తప్పకుండా పాటించాడు. చదవడంలోనే దోపిడీ ఉంది. మాస్టారి బల్లకు ఈ బాధ ఎప్పుడూ లేదు, అక్కడ ఎవరు తలెత్తారో అందరికీ కనిపించేది.

అక్కడ ఇంకో బాధ ఉండేది. ఒకసారి ఎవడో మధ్యాహ్నం భోజనాలప్పుడు గీత లోపల ఒక ప్లస్సును మైనస్ చేశాడు. ఆ వారం అరవై కాగితాల్లోనూ ఒకటే తప్పు. మాస్టారు అరవై కాగితాలూ దిద్దాకగానీ బల్లవైపు తిరగలేదు. ఆర్కైవ్‌లూ అంతే. వాటిలోని క్లాసుల్ని తయారుచేసేటప్పుడే తనిఖీ చేస్తారు, వాడేటప్పుడు మళ్లీ చెయ్యరు, వేగంలో కొంత వచ్చేది అందుకే. కాబట్టి ఆ ఫైల్ మీద రాసే హక్కు ఎవరికుందన్నది మీ ప్రోగ్రాం కంటే ముఖ్యం. ఉద్యోగాల్లో చేరాక మొదటి వారం చూడాల్సిన సంగతి ఇది.

ఈ మధ్య పంచుకునే తీరు ఇంకో మెట్టెక్కింది. కోడ్ ఒక్కటే ఎందుకు, లేచి సిద్ధంగా ఉన్న యంత్రం మొత్తాన్నీ ఫొటో తీసి, కావలసినప్పుడల్లా ఆ ఫొటోకు ప్రాణం పోస్తే సరి. అమెజాన్ తన లాంబ్డా సేవలో 2022లో జావా 11కు తెచ్చిన స్నాప్‌స్టార్ట్ ఇదే. దీంతో పాటే వాళ్లు ఒక హెచ్చరిక కూడా ఇచ్చుకున్నారు. ఫొటో తీసే ముందే యాదృచ్ఛిక సంఖ్యల విత్తనం వేసేసి ఉంటే, ఆ ఫొటో నుంచి లేచిన వందమందికీ ఒకే విత్తనం. వందమంది వేసే పాచికలూ ఒకేలా పడతాయి. గుర్తింపు సంఖ్యలు, రహస్య తాళాలు, అన్నీ. విత్తనం చూడ్డానికి మారనిదానిలాగే ఉంటుంది. ఒక్కొక్కరికీ వేరుగా ఉండాల్సిన వాటిలో మొదటిది అదే.

నా పరువు తక్కువ కథ ఒకటి చెబుతాను. జావా 10 వచ్చాక, 2018లో, మన సొంత క్లాసుల్ని కూడా ఆర్కైవ్‌లో పెట్టుకునే వీలు అందరికీ ఉచితంగా వచ్చింది. అప్పుడు నేనున్న చోట కంటైనర్లలో నడిచే మా సర్వర్లకు పట్టుబట్టి దాన్ని పెట్టించాను. పెట్టాక మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక రాత్రి వేరే సమస్య కోసం క్లాస్ లోడింగ్ లాగ్ తీసి చూస్తే గుండె జారింది. ఆర్కైవ్ నుంచి వచ్చిన ప్రతి క్లాస్ పక్కనా 'షేర్డ్ ఆబ్జెక్ట్స్ ఫైల్' అని ఉండాలి. మా క్లాసులు ఒక్కదాని పక్కనా లేదు. అన్నీ క్లాసుల్ని కట్టగట్టిన జార్ ఫైల్ నుంచే, పాత పద్ధతిలోనే వస్తున్నాయి. కారణం చెబితే నవ్వుతారు. ఆర్కైవ్ తయారైనప్పుడు ఏ జార్ నుంచి తయారైందో దాని సైజు, చివరిసారి మారిన సమయం అందులో రాసుకుంటుంది. వాడేటప్పుడు రెండూ సరిపోలకపోతే వద్దంటుంది. మా బిల్డులో చివరి మెట్టున జార్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేస్తున్నారు. లోపల అక్షరం మారలేదు, తారీఖు మారింది. ఆర్కైవ్ కాదంది. మామూలు అమరికలో జావా దానికి గొడవ చెయ్యదు, ఏమీ జరగనట్టు పాతదారిలో నడిచిపోతుంది. రెండు నెలల కిందట నేను చప్పట్లు కొట్టించుకున్నది దానికి!

ఆ రాత్రి నాకు కోపం వచ్చినా, జావావాళ్లు చేసిందే సరి అని తర్వాత అనిపించింది. ఒకడి మాట మీద ఇంకొకడు పని చేస్తున్నప్పుడు, మాట పాతబడిందేమో అని అనుమానం రాగానే వదిలెయ్యడమే మేలు. చెప్పి వదిలేస్తే ఇంకా బాగుండేది.

ఇంకో సంగతి కూడా అప్పుడే కళ్లబడింది. ఈ ఏర్పాటు పుట్టినప్పుడు లక్ష్యంలో సగం మెమరీ ఆదా. ఇప్పుడు చాలాచోట్ల ప్రతి సర్వరూ తన సొంత కెర్నెల్ ఉన్న చిన్న వర్చువల్ మెషీన్లో ఒంటరిగా కూర్చుంటోంది. పేజీలు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. అయినా ఆర్కైవ్ వాడుతున్నాం, ఎందుకంటే అది పని ఆదా చేస్తుంది. చోటు పంచుకోవడానికి కట్టిన చావిట్లో ఇప్పుడు కాలం పంచుకుంటున్నాం. నిన్న లేచిన యంత్రం చేసిన పని ఇవాళ లేచే యంత్రానికి దక్కుతోంది. 2025 మార్చిలో వచ్చిన జావా 24 దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లింది. క్లాసుల్ని చదివి ఉంచడమే కాక, ఒకదానితో ఒకటి కలిపిన స్థితిలోనే దాస్తోంది. స్ప్రింగ్ పెట్‌క్లినిక్ అనే నమూనా ప్రోగ్రాం లేవడానికి దాదాపు 21,000 క్లాసులు కావాలి. దాని లేచే సమయం 4.486 సెకన్ల నుంచి 2.604 సెకన్లకు దిగిందని ఆ పని చేసినవాళ్లు చూపించారు. ఏ మెథడ్ ఎక్కువ వాడుతారన్న అనుభవాన్ని కూడా జావా 25 దాచి తర్వాతి యంత్రానికి అందిస్తోంది. ఒకప్పుడు రామ్‌క్లాస్ వైపు, మారే సగంలో, ఎవరి లెక్క వాళ్లదిగా ఉన్న సంగతి అది. గీత కాస్త జరిగింది.

ఈ కాలేజీ పిల్లలకు ఒక పని. మీ ల్యాబ్ కంప్యూటర్లలో జావా 12 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే, ఆర్కైవ్ మీకు చెప్పకుండానే దాంతోపాటు వచ్చి ఉంటుంది. జావా పెట్టిన చోట సర్వర్ అనే ఫోల్డర్లో 'క్లాసెస్' పేరుతో జేఎస్ఏ ఫైల్ వెతకండి, పది మెగాబైట్లు దాటి ఉంటుంది. ముందు మీ 'హలో' ప్రోగ్రాంని మామూలుగా నడిపి టైం చూసుకోండి. తర్వాత ఆర్కైవ్ వద్దని చెప్పే ఎక్స్‌షేర్ ఆఫ్ పెట్టి నడపండి. క్లాస్ లోడింగ్ లాగ్ పెట్టి ఎన్నింటి పక్కన షేర్డ్ అని పడిందో, ఎన్నింటి పక్కన పడలేదో లెక్కపెట్టండి. పడనివాటి జాబితా చూస్తే అందులో మీ సొంత క్లాసు కనిపిస్తుంది. దాన్ని కూడా గీత లోపలికి తేవడం ఎలాగో వచ్చే ఏడాది ఈ సభలో మీలో ఎవరన్నా వచ్చి చెప్పాలి. ల్యాబ్ తాళం అయిదింటికి వేసేస్తారట, అటెండరు గారితో మాట్లాడి ఉంచాను, ఇవాళ ఏడింటిదాకా తెరిచి ఉంచుతామన్నారు.